డాగ్‌వుడ్ కొమ్మలకు ఎరుపు తగ్గిందా?

ప్రశ్న: మిన్నెసోటాలో ఉంటున్నాం. ఐదేళ్ల కిందట పెరట్లో ఎర్ర డాగ్‌వుడ్ పొదలు నాటాం. మొదట్లో మంచులో కుంకుమలా మెరిసిన కొమ్మలు ఇప్పుడు మొదళ్ల దగ్గర్నుంచి గోధుమరంగుకు తిరుగుతున్నాయి. జబ్బేమైనా పట్టిందా?

జవాబు: జబ్బు కాదండి, ముదురు. ఈ పొదకు రంగంతా లేత కొమ్మల్లోనే. ఏడాది రెమ్మ నున్నగా, ఎర్రగా నిగనిగలాడుతుంది. మూడేళ్లు దాటితే బెరడు గరుకెక్కి మసకబారుతుంది. మార్చి చివర్లో, మొగ్గలు విచ్చకముందే, బాగా ముదిరిన కొమ్మల్ని మూడో వంతు నేలమట్టానికి కోసేయండి. ఏటా ఇలాగే చేస్తే మూడేళ్లలో పొదంతా కొత్తదవుతుంది. మొత్తం ఒకేసారి కొట్టేసినా చిగురిస్తుంది కానీ, ఆ ఏడు తెల్లటి పూలూ, పిట్టలు ఇష్టంగా తినే కాయలూ ఉండవు. ఆకులు రాలాయి కదా అని అక్టోబరులో మాత్రం కత్తెర పట్టకండి. చలికాలమంతా చూసుకోవాల్సిన అందాన్ని చేతులారా పోగొట్టుకున్నట్టే.

నీడలో రంగు తేలిపోతుంది, ఎండ తగలనివ్వండి. పసుపు కొమ్మల ‘ఫ్లావిరామియా’ రకాన్ని పక్కనే నాటి చూడండి, మంచులో పసుపూ కుంకుమా పెట్టినట్టుంటుంది. వేసవిలో నేల ఎండితే దాని కొమ్మలపై పుండ్లలాంటి మచ్చలు లేస్తాయి, తడి ఆరనివ్వకండి.