శనివారపు వీరులు

ఒకప్పుడు అమెరికా బాలబాలికలకు శనివారం ఉదయం వారానికొక పండుగ. 1974లో సి.బి.ఎస్. టెలివిజన్ సంస్థ 'షజామ్' అనే వీరగాథను, మరుసటి సంవత్సరం దానికి జంటగా 'ఐసిస్'ను ప్రసారం చేసింది. ఐసిస్ మామూలు వేళల్లో విజ్ఞానశాస్త్రం బోధించే ఉపాధ్యాయిని (మా వృత్తికి ఇంతటి గౌరవం అరుదు!). ఈజిప్టు తవ్వకాల్లో దొరికిన తాయెత్తు ఆమెకు దివ్యశక్తినిచ్చేది. అయినా ఆ వీరులు పిడికిలి ఎత్తడం అపురూపం. బాలల కార్యక్రమాలలోని హింసపై నాడు తల్లుల ఆక్షేపణ బలంగా ఉండేది. కనుక శత్రుసంహారానికి బదులు, దారితప్పిన పిల్లవాణ్ణి ఆదుకోవడమే కథావస్తువయింది.

ఆ కథలు తరువాత డిస్కులుగా వెలువడ్డాయి. కాని నాటి ప్రేక్షకులు తలపోసేది కథను కాదు. దేశంలోని పిల్లలందరూ ఒకే ఉదయం కోసం వారమంతా నిరీక్షించడాన్ని. అది డిస్కులో ఇమిడేది కాదు. 2014 సెప్టెంబరులో సి.డబ్ల్యు. సంస్థ తన శనివారపు కార్టూన్లను నిలిపివేయగా, పెద్ద ప్రసారసంస్థలలో ఆ ఆనవాయితీ అంతరించింది.