ఆవిరికి ఎంత దారి ఉండాలి?

తిరుమల అన్నదాన వంటశాల కోసం 2002లో గిన్నెల్లా వంగిన 106 పెద్ద దర్పణాలు అమర్చారు. సూర్యకాంతిని కేంద్రీకరించి, వంటకు రోజుకు 4,000 కిలోల ఆవిరి అందించాలన్నది ఆ ఏర్పాటు లక్ష్యం.

మిట్టమధ్యాహ్నం వంట ముగిసి, ఆవిరి దారులన్నీ మూసేశారనుకోండి. సూర్యుడు ఆగడు కదా! ఆవిరి పుడుతూనే ఉంటుంది. గొట్టాలలో పీడనం పెరుగుతుంది. అప్పుడు ఆదుకొనేది సేఫ్టీ వాల్వు. పీడనం హద్దు దాటగానే అది స్ప్రింగును నెట్టుకొని తెరుచుకొంటుంది.

మరి దాని రంధ్రం ఎంత ఉండాలి? ఎండ 8 గంటలనుకొంటే, సగటున గంటకు 500 కిలోల ఆవిరి. ఆ లెక్కనే నమ్ముకొంటే ప్రమాదం! ఉదయం ఆవిరి తక్కువ, మధ్యాహ్నం ఎక్కువ. గంటకు 700 కిలోలు పుడుతుంటే 500 కిలోలే బయటికి పోతే, మిగిలినది లోపలే పేరుకొని పీడనాన్ని పెంచుతుంది. కాబట్టి చూడవలసింది సగటు కాదు, గరిష్ఠం.

రంధ్రం వ్యాసం రెట్టింపైతే వైశాల్యం నాలుగు రెట్లవుతుంది. అదే పీడనం వద్ద బయటికి పోయే ఆవిరి కూడా ఇంచుమించు అంతే పెరుగుతుంది. సహజవాయువు గొట్టాలకూ ఇదే సూత్రం: లోపలికి రాగలిగినదంతా బయటికి పోగలగాలి.

మీ ఇంటి ప్రెషర్ కుక్కరు మూత రంధ్రంలో మెతుకు ఇరుక్కొంటే ఏమవుతుంది? ఆలోచించండి. ఈసారి వంటకు ముందు అమ్మతో కలిసి ఆ రంధ్రాన్ని వెలుతురుకెత్తి చూడండి!