గ్రాఫిక్స్ కార్డు వేడెక్కకుండా – ఫ్రేమ్ రేటుకు ఒక హద్దు



మన హాస్టల్ నుండి డిగ్రీ, ఇంజనీరింగు, ఎం.సి.ఏ. చదువులకు వెళ్ళినవారిలో చాలామంది ఇప్పుడు సొంతంగా కంప్యూటర్ సమకూర్చుకుంటున్నారు. కొత్త గ్రాఫిక్స్ కార్డు కొనే స్తోమత అందరికీ ఉండదు కనుక సెకండ్ హ్యాండ్ కార్డు కొనడం మామూలే. 2022 సెప్టెంబరులో ఈథీరియం అనే డిజిటల్ కరెన్సీ తన పద్ధతి మార్చుకోవడంతో గ్రాఫిక్స్ కార్డులతో దాన్ని 'మైనింగ్' చేసే పని ఆగిపోయింది. అంతవరకు రాత్రింబవళ్ళు నడిచిన కార్డులు పాత సామాన్ల అంగళ్ళకు చేరాయి. అటువంటి కార్డు మీదే పగలు బ్లెండర్, మెషీన్ లెర్నింగ్ నేర్చుకుంటాం, రాత్రి ఆట ఆడతాం. అది పాడైతే వారంటీ ఉండదు. మరొకటి కొనాలంటే మళ్ళీ స్కాలర్‌షిప్పు పడేవరకు ఆగాలి. అప్పటిదాకా ఆటతో పాటు చదువు కూడా ఆగుతుంది. ఆట మానేయమని నేను చెప్పబోవడం లేదు. రూపాయి ఖర్చు లేకుండా కార్డును చల్లగా ఉంచే పద్ధతి ఒకటి ఉంది. అది ఎందుకు పనిచేస్తుందో, ఎక్కడ పనిచేయదో చూద్దాం.

అసలు ఫ్రేమ్ రేటు అంటే ఏమిటి?

ఆటలో మనకు కనిపించే కదలిక నిజానికి వరుసగా వచ్చే నిశ్చల చిత్రాలే. ఒక్కొక్క చిత్రాన్ని ఫ్రేమ్ అంటారు. సినిమా హాల్లో సెకనుకు 24 ఫ్రేములు పడతాయి. మామూలు కంప్యూటర్ మానిటరు సెకనుకు 60 సార్లు తెరను మారుస్తుంది, దీన్ని 60 హెర్ట్జ్ అంటాం. అనగా ఒక్కో చిత్రానికి దొరికే సమయం 1000ని 60తో భాగిస్తే వచ్చే 16.7 మిల్లీసెకన్లు.

ఇప్పుడు మన కార్డు ఒక ఫ్రేమును 5 మిల్లీసెకన్లలోనే గీయగలదనుకుందాం. హద్దు లేకపోతే అది ఆగదు. ఒకటి పూర్తికాగానే మరొకటి మొదలుపెట్టి సెకనుకు 200 ఫ్రేములు గీస్తుంది. మానిటరు చూపగలిగింది 60 మాత్రమే. మన మెస్‌లో అరవై మంది తినేచోట రెండు వందల మందికి వండినట్లే! గ్యాస్ అంతా ఖర్చవుతుంది, వంటవాళ్ళు చెమటోడుస్తారు, మిగిలింది పారబోయడమే. 60 దగ్గర హద్దు పెడితే కార్డు 5 మిల్లీసెకన్లు పనిచేసి మిగతా 11.7 మిల్లీసెకన్లు విశ్రాంతి తీసుకుంటుంది.

వేడి ఎందుకు తగ్గుతుంది?

చిప్‌లో స్విచ్ అయ్యే ట్రాన్సిస్టర్లు వాడుకునే విద్యుత్తు మూడింటి మీద ఆధారపడుతుంది: కెపాసిటెన్స్, వోల్టేజి వర్గం, పౌనఃపున్యం. వీటి లబ్ధమే ఆ విద్యుత్తు. ఇందులో 'వర్గం' అన్న మాటను బాగా గమనించాలి. పని తక్కువగా ఉందని తెలిస్తే కార్డు తన క్లాక్ వేగాన్ని తగ్గించుకుంటుంది. వేగం తగ్గితే తక్కువ వోల్టేజితోనే నడవగలదు. లెక్క కోసం పౌనఃపున్యం 0.7 వంతుకు, వోల్టేజి 0.8 వంతుకు దిగాయనుకోండి. 0.8 వర్గం 0.64. దాన్ని 0.7తో గుణిస్తే సుమారు 0.45. అంటే సగం కంటే తక్కువ. జ్ఞాపకశక్తి చిప్పులు, ఫ్యాన్లు తమ వాటా తాము తీసుకుంటాయి కాబట్టి మొత్తం కార్డు మీద ఇంత తగ్గుదల రాకపోవచ్చు. అయినా తేడా చేతికి తెలిసేంత ఉంటుంది.

మన ప్రాంతానికి దీని అవసరం మరీ ఎక్కువ. కార్డు ఉష్ణోగ్రత అంటే గది ఉష్ణోగ్రతకు కార్డు తన విద్యుత్తుతో కలుపుకునే పెరుగుదల. 25 డిగ్రీల ఏసీ గదిలో 70 చూపించే కార్డు, ఫ్యాను వేగం అదే అయితే, 42 డిగ్రీల గదిలో సుమారు 87 చూపిస్తుంది. ఇంటర్నెట్‌లో కార్డు సమీక్షలు రాసేవారు చాలావరకు చల్లని గదుల్లో పరీక్షిస్తారు. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెల మధ్యాహ్నం రేకుల గదిలో ఆడేవాడికి ఆ అంకెలు వర్తించవు. చాలా జీఫోర్స్ కార్డులు సుమారు 83 డిగ్రీల దగ్గర తమంతట తామే వేగం తగ్గించుకోవడం మొదలుపెడతాయి. అప్పుడే ఆట కుంటుతుంది. మనం ముందే హద్దు పెడితే ఆ కుంటుడు కూడా తగ్గుతుంది.

ఇంకో సంగతి. కార్డు వాడుకున్న విద్యుత్తంతా చివరికి వేడిగా గదిలోకే వస్తుంది. ఊరికే కూర్చున్న మనిషి శరీరం సుమారు 100 వాట్ల వేడిని వదులుతుంది. 170 వాట్ల ఆర్.టి.ఎక్స్. 3060 కార్డు నిండుగా నడిస్తే, నలుగురున్న గదిలోకి మరో మనిషిన్నర వచ్చి కూర్చున్నట్లే.

ఆట కన్నా మెనూయే ప్రమాదం

వినడానికి విచిత్రంగా ఉంటుంది. యుద్ధం జరుగుతున్నప్పుడు ఒక్కో ఫ్రేము గీయడం కష్టం కనుక ఫ్రేమ్ రేటు దానంతటదే తక్కువగా ఉంటుంది. మెనూ తెరలో గీయడానికి పెద్దగా ఏమీ ఉండదు. అందుకే హద్దు లేకపోతే సెకనుకు వందలు, ఒక్కోసారి వేల ఫ్రేములు పరుగెడతాయి. కార్డు నుండి సన్నగా కీచుమనే శబ్దం వచ్చేది కూడా ఎక్కువగా అప్పుడే. భోజనం గంట కొట్టగానే ఆటను మెనూలో వదిలేసి మెస్‌కు పరుగెత్తే అలవాటు మనకు ఉన్నదే కదా!

2010 జులైలో విడుదలైన స్టార్‌క్రాఫ్ట్ 2 ఆటలో ఇదే జరిగింది. తేలికైన తెరల దగ్గర కొందరి కంప్యూటర్లు వేడెక్కాయి. అప్పుడు బ్లిజార్డ్ సంస్థ సెట్టింగుల ఫైలులో రెండు వరుసలు చేర్చుకోమని సూచించింది. ఒకటి ఆటకు 60 ఫ్రేముల హద్దు, రెండవది మెనూలకు 30 ఫ్రేముల హద్దు. 2021 జులైలో అమెజాన్ వారి న్యూ వరల్డ్ ఆటను ప్రయోగాత్మకంగా ఆడనిచ్చినప్పుడు కొందరి ఆర్.టి.ఎక్స్. 3090 కార్డులు ఏకంగా చనిపోయాయి. వాటిలో ఈవీజీఏ కంపెనీవి ముఖ్యమైనవి. అమెజాన్ వెంటనే మెనూ తెరకు ఫ్రేమ్ హద్దు పెట్టింది. తరువాత ఈవీజీఏ తన దగ్గరకు తిరిగి వచ్చిన సుమారు రెండు డజన్ల కార్డులను ఎక్స్‌రే తీసి చూసి, కొన్ని భాగాల దగ్గర టంకం సరిగా పడలేదని చెప్పింది. కావున ఫ్రేమ్ రేటు ఒక్కటే కార్డును చంపదు. దాగి ఉన్న లోపాన్ని అది బయటకు లాగుతుంది. సెకండ్ హ్యాండ్ కార్డులో ఏ లోపం దాగుందో మనకెలా తెలుస్తుంది?

హద్దు ఎలా పెట్టాలి?

ముందుగా ఆట సెట్టింగులలోనే చూడండి, చాలా ఆటల్లో ఫ్రేమ్ లిమిట్ ఉంటుంది. లేకపోతే ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో మేనేజ్ త్రీడీ సెట్టింగ్స్ కింద 'మ్యాక్స్ ఫ్రేమ్ రేట్' ఉంది. ఈ సౌకర్యం 2020 జనవరిలో వచ్చింది. దాని దగ్గరే వెనుక నడిచే ఆటకు విడిగా హద్దు పెట్టేది ఉంటుంది, దాన్ని 20కి పెట్టుకోండి. ఏ.ఎం.డి. కార్డులకు 'రేడియన్ చిల్' ఉంది. పాత కార్డులకు రివాట్యూనర్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు చాలు. వీ-సింక్ కూడా హద్దులాగే పనిచేసి చిత్రం చీలినట్లు కనిపించడాన్ని ఆపుతుంది, కానీ మౌస్ కదలిక కొంచెం ఆలస్యమైనట్లు అనిపిస్తుంది.

ఒక చిక్కు ఉంది. మీ కార్డు ఆ ఆటలో 45 ఫ్రేములే ఇవ్వగలిగితే 60 హద్దు వల్ల ఏ ప్రయోజనమూ లేదు, కార్డు నిండుగానే నడుస్తుంటుంది. అప్పుడు నీడలు, కాంతి వంటి సెట్టింగులు తగ్గించాలి, లేదా హద్దును 30కి దించాలి. 60 హెర్ట్జ్ తెర మీద 45 కన్నా 30 నయమని నా అభిప్రాయం. 60ని 30 నిశ్శేషంగా భాగిస్తుంది, ప్రతి చిత్రమూ సరిగ్గా రెండుసార్లు పడుతుంది. 45లో కొన్ని ఒకసారి, కొన్ని రెండుసార్లు పడి కదలిక అదిరినట్లుంటుంది. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ పోటీలకు ఆడేవారు నాతో ఏకీభవించరు. ఫ్రేములు పెరిగేకొద్దీ నొక్కిన మీటకు ఫలితం త్వరగా కనిపిస్తుందన్న వారి మాట నిజమే. అటువంటివారు ఆటలో హద్దు ఎక్కువగా ఉంచుకున్నా, మెనూకు మాత్రం తప్పక పెట్టాలి.

ఫలితాన్ని ప్రాక్టికల్ రికార్డు రాసినట్లే రాయండి. అదే గది, అదే సమయం, అదే ఆట, అదే స్థలం. హద్దు లేకుండా 15 నిమిషాలు, హద్దుతో 15 నిమిషాలు ఆడి, ఉష్ణోగ్రతలు పక్కపక్కన వేయండి. విండోస్ టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్ కింద జీ.పీ.యూ. ఉష్ణోగ్రత కనిపిస్తుంది. ల్యాప్‌టాప్ అయితే పరుపు మీద పెట్టకండి, గాలి రంధ్రాలు మూసుకుపోతాయి. హద్దు పెట్టినా అంకె దిగకపోతే దుమ్ము చూడాలి. కంప్యూటర్ ఆపి, ప్లగ్ తీసి, కార్డు ఫ్యాను రెక్క తిరగకుండా వేలితో పట్టుకొని మెత్తటి బ్రష్షుతో దులపండి. అప్పటికీ దిగకపోతే చిప్ మీది థర్మల్ పేస్టు ఎండిపోయి ఉండవచ్చు. ఆ పని మొదటిసారి చేసేవారు, ముందు ఒకసారి చేసిన సీనియర్‌ను పక్కన కూర్చోబెట్టుకొని స్క్రూ విప్పండి.