వేసిన ఎరువు నేలలో ఏమవుతుంది?

పాడి ఉన్న ఇంట ఎరువుకు కొదవ లేదు. ఏటా వేసవిలో బండ్ల కొద్దీ పశువుల ఎరువు పొలానికి తోలుతాము. మరుసటి ఏటికి అందులో చాలా భాగం కనిపించదు. అది ఎక్కడికి పోయినట్లు?

నేలలోని సూక్ష్మజీవులకు ఎరువే ఆహారం. అవి తిన్న కర్బనంలో ఎక్కువ భాగం బొగ్గుపులుసు వాయువుగా గాలిలో కలుస్తుంది. కొంత మాత్రమే జీవాంశంగా నేలలో నిలుస్తుంది. ఇలా కుళ్లడం నష్టం కాదు. పైరుకు నత్రజని, భాస్వరం అందేది దీనివల్లనే. అయితే వేడి, తేమ కలిసినప్పుడు ఈ పని వేగంగా సాగుతుంది. ఖర్చయినంత తిరిగి వేయని పొలం నిస్సారమవుతుంది.

ఈ ఖర్చును ఇంటివద్దనే చూడవచ్చును.

1. తాంబూలపు సున్నం నీటిలో కలిపి, అడుగుకు దిగిన తరువాత పైతేట వంచుకోవలెను. ఇది కళ్లలో పడరాదు.

2. మూత బిగుతుగా పట్టే ఒకే కొలత సీసాలు మూడు తీసుకోవలెను. ఒకదానిలో ఎరువు వేసిన పొలం మట్టి, రెండవదానిలో వేయని పొలం మట్టి సమాన తూకంలో పోయవలెను. మూడవది ఖాళీగా ఉంచవలెను.

3. ప్రతి సీసాలో సున్నపు తేట ఉన్న చిన్న గిన్నె నిలిపి, మూత బిగించి, ఒక రోజు నీడన ఉంచవలెను.

వాయువు తగిలిన తేటపై తెల్లని పొర కడుతుంది. ఖాళీ సీసాలో కనిపించేది గాలి వాటా. అంతకు మించినది మట్టి విడిచినది. మట్టి రెండింటా ఒకే పదునులో ఉండవలెను. ఎండుమట్టిని అప్పుడే తడిపితే వాయువు ఒక్కసారిగా ఎక్కువ వస్తుంది, పోలిక తప్పుతుంది.

ప్రయోగశాలలో సున్నపు తేటకు బదులు కొలిచిన సోడియం హైడ్రాక్సైడ్ ఉంచుతారు. మిగిలిన క్షారాన్ని ఆమ్లంతో చుక్కచుక్కగా లెక్కకడతారు. పాల పులుపు పరీక్షలో క్షారం చుక్కలు వేస్తారు. ఇక్కడ ఆమ్లం చుక్కలు. సూత్రం ఒకటే.

పొర దళసరిగా ఉన్నంత మాత్రాన నేల బలమైనదని తలచరాదు. అది ఖర్చు మాత్రమే. నిల్వ తెలియవలెనంటే భూసార పరీక్ష చేయించవలెను. సేంద్రియ కర్బనం 0.5 శాతం కంటే తక్కువైతే తక్కువ, 0.75 దాటితే ఎక్కువ అని లెక్క.

పేడను పిడకలుగా కాల్చినా, బయటివారికి అమ్మినా ఆ కర్బనం మన నేలకు చేరదు. గోబర్ గ్యాస్ ఉన్నవారు మడ్డిని వృథా చేయక పొలానికి చేర్చవలెను. సంఘంలో పాల లెక్క చూసుకున్నట్లే నేల జమాఖర్చులు కూడా చూసుకొనవలెనని సభ్యులకు మనవి.