బిగుసుకొన్న కాలు: సూది, సాధన

పక్షవాతం అన్న మాటలో ‘పక్షం’ అంటే ఒక వైపు. ఉర్దూలో ఈ వ్యాధినే ‘ఫాలిజ్’ అంటారు. రెండుగా చీల్చడమనే అర్థంగల అరబ్బీ ధాతువునుంచి ఆ పదం ఏర్పడింది. మన కళాశాలలో వినిపించే ఈ రెండు భాషలూ ఒకే దృశ్యాన్ని చూచి పేరు పెట్టాయి: నిలువునా సగం చచ్చుబడిన మనిషి. అయితే ఈ రెండు పేర్లూ వ్యాధి మొదటి ఘట్టాన్ని మాత్రమే తెలుపుతాయి. కొన్ని వారాలు గడిచేసరికి పలువురిలో ఆ చచ్చుబడిన కాలే బిగుసుకొనడం ఆరంభిస్తుంది. కాలికి బలం వస్తున్నదని ఇంట్లోవారు సంతోషిస్తారు. కానీ బలమూ బిగువూ ఒకటి కావు. ఆ భేదం తెలియకపోతే చికిత్సకు అనువైన కాలం చేజారిపోతుంది.

మెదడుకు రక్తం తీసుకొనిపోయే నాళం పూడుకొనిపోవడంవల్లగాని, చిట్లడంవల్లగాని పక్షవాతం వస్తుంది. సాధారణంగా మెదడు ఎడమ భాగం దెబ్బతింటే కుడి వైపు, కుడి భాగం దెబ్బతింటే ఎడమ వైపు కాలుసేతులు పడిపోతాయి. కండరాన్ని చటుక్కున సాగదీస్తే అది తిరిగి ముడుచుకొనేటట్లు వెన్నుపాము చేస్తుంది. మోకాలి చిప్పకు దిగువన వైద్యుడు చిన్న సుత్తితో తట్టినప్పుడు కాలు ఎగరడం ఇందువల్లనే. ఈ ప్రతిక్రియను మెదడు అదుపులో ఉంచుతుంది. మెదడు దెబ్బతిన్నప్పుడు ఆ అదుపు తప్పి, ప్రతిక్రియ మితిమీరుతుంది. దీనినే స్పాస్టిసిటీ అంటారు. 1980లో జేమ్స్ లాన్స్ అనే నాడీవైద్యుడు దీనికి ఇచ్చిన నిర్వచనంలో కీలకమైన విషయం వేగం. కాలిని మెల్లగా వంచితే వంగుతుంది, వడిగా వంచబోతే మొరాయిస్తుంది. కారులోని సీటు బెల్టు మెల్లగా లాగితే వచ్చి, గుంజితే పట్టివేయడం వంటిదే ఇది.

కాలిలో ఈ బిగువు తరచుగా పిక్క కండరాలను పట్టుకొంటుంది. మడమ పైకి లేస్తుంది, పాదం కిందికీ లోపలికీ తిరుగుతుంది, మోకాలు కర్రవలె నిలుస్తుంది. నడిచేటప్పుడు కాలు మడవలేక, కొడవలి తిప్పినట్లు పక్కనుంచి విసిరి ముందుకు వేయవలసి వస్తుంది. బిగువును అంచనా వేయడానికి ఆష్‌వర్త్ 1964లో ప్రవేశపెట్టగా బొహానన్, స్మిత్ 1987లో సవరించిన కొలమానం నేటికీ వాడుకలో ఉన్నది. అందులో 0 అంటే బిగువు పెరగలేదని, 4 అంటే ఆ భాగం కదలకుండా బిర్రబిగిసిందని అర్థం.

ఇక్కడ రెండు సూక్ష్మాలు గమనింపదగినవి. మొదటిది: బిగువంతా నరాలవల్ల కలిగినది కాదు. నెలల తరబడి కదలిక లేని కండరం తానే పొట్టిదై గట్టిపడుతుంది. రెండవది: బలహీనమైన కాలికి ఆ బిగువే ఒక్కొక్కప్పుడు ఊతకర్ర. బలం పెంచకుండా బిగువును మాత్రమే తీసివేస్తే, అప్పటివరకు నిలబడగలిగిన రోగి కూలబడవచ్చు.

ఇక సూది సంగతి. ఆక్యుపంక్చర్ చైనాలో అతి ప్రాచీనమైన చికిత్స. చైనాకు సహాయంగా 1938లో మన దేశం పంపిన అయిదుగురు వైద్యుల బృందంలో డాక్టర్ కోట్నిస్‌తోపాటు డాక్టర్ బి. కె. బసు కూడా ఉన్నారు. బసు 1950ల చివర మరల చైనాకు వెళ్లి ఈ విద్య నేర్చి, కలకత్తాలో దానిని ప్రవేశపెట్టారు. 1971లో జేమ్స్ రెస్టన్ అనే అమెరికన్ పాత్రికేయుడు పెకింగులో తనకు జరిగిన చికిత్సను గురించి వ్రాసిన తరువాత పాశ్చాత్యుల దృష్టి దీనిపై బాగా పడింది. కాలి బిగువుకు మోకాలికి దిగువన, పిక్కవెంట, చీలమండవద్ద నిర్ణీత స్థానాలలో సన్నని ఉక్కు సూదులు గుచ్చుతారు. కొందరు వాటిద్వారా స్వల్ప విద్యుత్తును కూడా పంపుతారు.

దీనివల్ల గుణం ఉన్నదా? పక్షవాత రోగులకు ఆక్యుపంక్చర్‌పై జరిగిన 31 పరీక్షలను కాక్రేన్ సంస్థ 2016లో సమీక్షించింది. మామూలు చికిత్సకు సూదిని జోడించినప్పుడు కొంత మేలు కనిపించింది. కానీ ఉత్తుత్తి సూదితో పోల్చి చూచినప్పుడు ఆ తేడా నిలువలేదు. అనేక పరీక్షలు నాణ్యత లేనివని కూడా సమీక్షకులు గుర్తించారు. కనుక సూది మహిమాన్వితమనడానికి ఆధారం చాలదు. సూదివల్ల బిగువు సడలినా, పొట్టిదైన కండరం దానితో పొడవు కాదు, నడక దానంతట అదే రాదు.

ఫిజియోథెరపీని కూడా ఇదే త్రాసులో తూచాలి. కాలును ఊరక సాగదీసినందువల్ల కొద్ది నెలలలో కీళ్ల కదలిక చెప్పుకోదగినంతగా పెరగదని 2017లో అదే సంస్థ తేల్చింది. ఫలితమిచ్చేది రోగి స్వయంగా చేసే సాధన. కుర్చీనుంచి లేచి నిలబడడం, మడమ నేలకు ఆనించి బరువు మోపడం, అడుగులు వేయడం పదేపదే జరగాలి. చెడిపోగా మిగిలిన మెదడు ఆ పునరావృత్తిచేతనే క్రొత్త మార్గాలు నేర్చుకొంటుంది. పాదం వాలిపోకుండా ప్లాస్టిక్ తొడుగు, అవసరమైనచోట బాక్లోఫెన్ వంటి మందులు, బోటులినం సూదిమందు తోడవుతాయి.

కాబట్టి సూదికీ సాధనకూ పోటీ పెట్టడం వ్యర్థం. ఆక్యుపంక్చర్ కోరేవారు దానిని ఫిజియోథెరపీకి తోడుగా ఉంచుకొనవచ్చు, బదులుగా కాదు. బిగువు కాస్త సడలినదనిపిస్తే ఆ వ్యవధిని నడక అభ్యాసానికి వినియోగించాలి. ప్రతిసారీ క్రొత్త, క్రిమిరహితమైన సూదులే వాడాలి. రక్తం గడ్డకట్టకుండా మందులు తీసుకొనేవారు ఆ సంగతి ముందే చెప్పాలి. వైద్యుడు వ్రాసిన మందులు మానరాదు.

విద్యార్థులారా! చాలా ఇండ్లలో చదువుకొన్నవారు మీరే. రోగిని ఎక్కడికి తీసుకొనిపోవాలన్నప్పుడు పెద్దలు మీ ముఖంవైపు చూస్తారు. ఏ చికిత్స చేయించినా రెండు ప్రశ్నలు అడుగుతూ ఉండండి: మడమ నేలకు ఆనుతున్నదా? నిన్నటికంటె నేడు ఒక అడుగు ఎక్కువ పడిందా? సూది గుచ్చేది ఇతరులు. ఆ అడుగు వేయవలసినది రోగి. అది పడేవరకు ప్రక్కన నిలిచి చేయూతనీయవలసినవారు మీరు.