ఒక్క అంకె మారితే

పొదుపు సంఘం పుస్తకం మీరు చూసే ఉంటారు. అందులో అడ్డంగా గీతలు ఉంటాయి. నిలువుగా గీతలు ఉంటాయి. గీతల నడుమ గడులు ఉంటాయి. ఒక్కో గడిలో ఒక్కో అంకె.

ఇలాంటి గళ్ళ కాగితమే ఒకటి కంప్యూటరులోకి వచ్చింది. ఎలా వచ్చింది? ఎందుకు వచ్చింది? తెలుసుకుందాం.

ముందు ఒక లెక్క

ముగ్గురి పొదుపు ఇలా ఉందనుకోండి. పైన అక్షరాలు, పక్కన అంకెలు ఎందుకు ఉన్నాయో తర్వాత చూద్దాం.

– | ఏ | బి | సి | డి
1 | పేరు | ఏప్రిల్ | మే | మొత్తం
2 | సీతమ్మ | 100 | 100 | 200
3 | మస్తానమ్మ | 100 | 150 | 250
4 | ఎల్లమ్మ | 100 | 100 | 200
5 | మొత్తం | 300 | 350 | 650

ఎల్లమ్మ మే నెలలో కట్టింది 100 కాదు, 120. రాసేటప్పుడు పొరపాటు జరిగింది. ఇప్పుడు ఏం చేయాలి?

100 కొట్టేసి 120 రాయాలి. అంతటితో అయిపోదు. ఎల్లమ్మ మొత్తం 220 అవుతుంది. మే నెల మొత్తం 370 అవుతుంది. అందరి మొత్తం 670 అవుతుంది. తప్పు ఒక్కటే. దిద్దుబాట్లు మాత్రం నాలుగు!

ఇక నిల్వ సంగతి చూడండి. ఈ నెల నిల్వ వచ్చే నెలకు పోతుంది. ఏప్రిల్ నిల్వ తప్పయితే మే నిల్వ తప్పు. జూన్ నిల్వా తప్పే. అలా ఏడాది పొడుగునా తప్పులే.

నల్లబల్ల దగ్గర వచ్చిన ఆలోచన

అమెరికాలో హార్వర్డ్ అని పేరున్న విశ్వవిద్యాలయం ఉంది. 1978లో డాన్ బ్రిక్లిన్ అనే యువకుడు అక్కడ వ్యాపారం చదువు చదువుతున్నాడు. తరగతిలో ప్రొఫెసరు నల్లబల్ల మీద గళ్ళు గీసి లెక్కలు వేసేవారు. మధ్యలో ఒక అంకె మారితే దాని మీద ఆధారపడ్డ అంకెలన్నీ చెరపాలి. మళ్ళీ రాయాలి.

ఇది చూసి బ్రిక్లిన్‌కు ఒక ఆలోచన వచ్చింది. "ఒక అంకె మార్చగానే మిగతావి వాటంతట అవే మారే నల్లబల్ల ఉంటే?" అలాంటి బల్లను కంప్యూటరులో చేయవచ్చు అనుకున్నాడు.

అతని స్నేహితుడు బాబ్ ఫ్రాంక్‌స్టన్. కంప్యూటరు ఏ పని ఎలా చేయాలో వరసగా రాసి పెట్టడాన్ని ప్రోగ్రాం రాయడం అంటారు. ఆ పని ఫ్రాంక్‌స్టన్ చేశాడు. తన ఇంటి అటక గదిలో కూర్చుని, దూరాన ఉన్న ఒక పెద్ద కంప్యూటరును అద్దెకు వాడుకుంటూ రాశాడు. రాత్రిపూట అద్దె తక్కువ. అందుకని రాత్రిళ్ళు పని చేశాడు.

1979లో ఆ ప్రోగ్రాం అమ్మకానికి వచ్చింది. దాని పేరు విజికాల్క్. కంటికి కనిపించే లెక్క అని ఆ పేరుకు భావం.

ఇంట్లో కంప్యూటరు

అంతకుముందు కంప్యూటర్లు ఎక్కువగా పెద్ద ఆఫీసుల్లో ఉండేవి. 1977లో ఆపిల్ టూ అనే చిన్న కంప్యూటరు వచ్చింది. ఇంట్లో బల్ల మీద పెట్టుకోవచ్చు. టీవీకి తగిలించి చూడవచ్చు. విజికాల్క్ మొదట ఈ కంప్యూటరు మీదే నడిచింది.

దాన్ని వాడటం ఎలా ఉండేది? పలచని చదరపు బిళ్ళను పెట్టెలో దూర్చాలి. తెర మీద గళ్ళ కాగితం కనిపిస్తుంది. పైన ఏ, బి, సి, డి అని అక్షరాలు. పక్కన 1, 2, 3, 4 అని అంకెలు. వీటితో ప్రతి గడికీ ఒక పేరు వస్తుంది. సి వరసలో నాలుగో గడి పేరు సి4. మన లెక్కలో ఎల్లమ్మ మే పొదుపు ఉన్నది అక్కడే.

ఆ కాగితంలో 254 అడ్డు వరసలు, 63 నిలువు వరసలు ఉండేవి. తెర చిన్నది. కొన్ని గడులే కనిపించేవి. కిటికీలోంచి చూసినట్టు అటూ ఇటూ జరుపుకుంటూ చూడాలి. జరపడానికి బాణం గుర్తు మీటలు రెండే. కుడికి ఒకటి, ఎడమకు ఒకటి. పైకీ కిందికీ పోవాలంటే ముందు ఇంకో మీట నొక్కాలి.

అసలు కిటుకు మొత్తం గడిలో ఉంది. డి4లో 200 అని రాయరు. "బి4, సి4 కలుపు" అని రాస్తారు. కలిపే పని కంప్యూటరుది. సి4లో 100 తీసి 120 పెడితే చాలు. మిగతా మూడు అంకెలూ వాటంతట అవే మారిపోతాయి.

కాగితం మీద గంటలు పట్టే పని నిమిషాల్లో అయ్యింది. ఈ ఒక్క ప్రోగ్రాం కోసమే కంప్యూటరు కొన్నవాళ్ళు ఉన్నారు. తర్వాత ఇలాంటివే ఇంకా వచ్చాయి. 1985లో ఎక్సెల్ వచ్చింది. విజికాల్క్ ఇప్పుడు లేదు. ఎక్సెల్ ఉంది. ఇలాంటి గళ్ళ కాగితం ఇప్పుడు సెల్‌ఫోనులో కూడా ఉంటుంది.

అప్పు చేయకముందే

ఈ గళ్ళ కాగితంతో ఇంకో లాభం ఉంది. "ఇలా అయితే ఎంత? అలా అయితే ఎంత?" అని ముందే చూసుకోవచ్చు.

1000 రూపాయలు అప్పు కావాలి. పది నెలల తర్వాత తీర్చాలి. నూటికి నెలకు 2 రూపాయల వడ్డీ అయితే మొత్తం వడ్డీ 200. మూడు రూపాయలయితే 300. అయిదు రూపాయలయితే 500. అంటే అప్పులో సగం! కంప్యూటరులో వడ్డీ గడిలో ఒక్క అంకె మారిస్తే చాలు, జవాబు కనిపిస్తుంది. కాగితం మీద వేసినా అదే జవాబు వస్తుంది. కాస్త ఆలస్యం అవుతుంది, అంతే. సంతకం పెట్టకముందే ఈ లెక్క చూసుకోవాలి.

కంప్యూటరుకు తెలియనిది

ఎల్లమ్మ ఇచ్చింది 120. రాసినవారు 100 అని కొట్టారు. కంప్యూటరు ఏం చేస్తుంది? 100 అనుకునే కలుపుతుంది. కూడిక సరిగ్గానే ఉంటుంది. కానీ ఎల్లమ్మకు 20 రూపాయలు పోతాయి.

ఎల్లమ్మ చేతిలోంచి ఎంత పోయిందో కంప్యూటరు చూడలేదు. అది ఎల్లమ్మకే తెలుసు. "కంప్యూటరులో ఇలాగే ఉందమ్మా" అని ఎవరైనా అంటే ఊరుకోకూడదు. "నా వరస చూపించండి. నేను చదువుతాను" అని అడగాలి. అంకె రాసింది మనిషే. తప్పయితే మనిషే దిద్దగలరు.

ఇది అడగడానికి కంప్యూటరు నేర్చుకోనక్కరలేదు. తన పేరు, తన అంకె చదవడం వస్తే చాలు.

చేసి చూడండి

1. మస్తానమ్మ ఏప్రిల్‌లో కట్టింది 100 కాదు, 130. ఎల్లమ్మ అంకె దిద్దాక, ఇది కూడా దిద్దండి. ఏ ఏ గడులు మారాయి? అందరి మొత్తం ఎంత?

2. 2000 రూపాయల అప్పు. నూటికి నెలకు 3 రూపాయల వడ్డీ. అయిదు నెలలకు వడ్డీ ఎంత?

చర్చించండి

మీ సంఘం లెక్క ఎవరు రాస్తున్నారు? రాసిన లెక్కను సమావేశంలో అందరికీ చదివి వినిపిస్తున్నారా? మీ వరస మీరు చివరిసారి ఎప్పుడు చదువుకున్నారు?