ఇంటికి వచ్చిన రౌటరు – దాని నమర్చుకొను విధము

తమిళనాట హోసూరు, కృష్ణగిరి ప్రాంతములలో తరతరములుగా నివసించుచున్న మన తెలుగు కుటుంబములలో అనేకుల యిండ్లకు ఇప్పుడు బ్రాడ్‌బ్యాండు సౌకర్యము వచ్చి చేరినది. సంస్థవారి పనివాడు వచ్చి, గోడకు రంధ్రము చేసి, తీగను లాగి, ఒక చిన్న పెట్టెను బల్లపై నుంచి త్వరగా వెడలిపోవును. పెట్టెతో వచ్చిన సూచనల పుస్తకము ఇంగ్లీషులో నుండును. పనివాడు చెప్పిన మాటలు తమిళములో నుండును. మనవారు ఆ రెండింటిలో సగమే గ్రహించి, దీపము వెలుగుచున్నది గదా, అంతియే చాలునని ఊరకుందురు. ఇంటి తాళపుచెవి యెవరి చేతిలో నున్నదో తెలియకుండుట యెట్టిదో, ఈ పెట్టె సంగతి తెలియకుండుటయు నట్టిదే. కావున రౌటరు అను ఆ పెట్టెను మన చేతులతో మనమే సరిగా అమర్చుకొను విధమును ఈ పాఠమున వివరించుచున్నాము.

రౌటరు చేయు పని

ఉమ్మడి కుటుంబమునకు వీధి తలుపు ఒక్కటే. తపాలావాడు ఉత్తరములన్నిటిని ఆ తలుపు కడనే యిచ్చిపోవును. ఏది పెదనాన్నగారిదో, ఏది చిన్నత్తగారిదో చూచి పంచువారు ఇంటిలోనివారు. రౌటరు చేయు పనియు నిదియే. లోకమునకు మన యిల్లంతయు సాధారణముగా ఒక్క చిరునామాతోనే కనబడును. ఇంటిలోని ఫోనునకు, కంప్యూటరునకు, టీవీకి రౌటరు వేర్వేరు లోపలి చిరునామాల నొసగి, బయటినుండి వచ్చిన సమాచారమును అడిగినవారికే చేర్చును.

ఈ యేర్పాటునకు కారణము కలదు. ఇంటర్నెట్టు చిరునామాల పాత పద్ధతి 32 బిట్లతో కూడినది. దానివలన సుమారు 429 కోట్ల చిరునామాలు మాత్రమే యేర్పడును. లోకపు జనసంఖ్యయే అంతకంటె నెక్కువ. ఆ కొరతను తీర్చుటకు కొన్ని సంఖ్యలు లోపలి వాడుకకే ప్రత్యేకింపబడినవి. 1996వ సంవత్సరపు ప్రమాణపత్రమున వాని పట్టిక యున్నది. 192.168 తో మొదలగు చిరునామాలు అట్టివే. అందుచే మన యింటి ఫోనునకును, పొరుగింటి ఫోనునకును ఒకే సంఖ్య యున్నను చిక్కు కలుగదు.

పెట్టె నుంచవలసిన చోటు

వైఫై అనునది రేడియో తరంగములే. లోహము వానిని అడ్డగించును. నీరును, మందపు గోడలును వానిని బలహీనపరచును. కావున రౌటరును ఇనుప బీరువాలోను, ఫ్రిజ్జు వెనుకను, నీళ్లతొట్టి ప్రక్కను ఉంచరాదు. ఇంటి నడుమ, నేలకు నాలుగైదు అడుగుల యెత్తున, గాలి తగులు చోట నుంచవలెను. మైక్రోవేవు పొయ్యికి దూరముగా నుండుట మేలు.

తరంగములు ముఖ్యముగా రెండు విధములు. 2.4 గిగాహెర్ట్జులవి దూరము పోవును, గోడలను కొంత మేలుగా దాటును. కాని వేగము తక్కువ. 5 గిగాహెర్ట్జులవి వేగవంతములు; కాని దగ్గరి గదులకే చాలును. వెనుక గదిలో చదువుకొను పిల్లవాడు మొదటిదానిని, పెట్టె సమీపమున కూర్చున్నవాడు రెండవదానిని వాడుకొనవచ్చును.

తీగలు, దీపములు

బయటినుండి వచ్చు సన్నని తీగలో నున్నది గాజు తంతి. దానిలో ప్రవహించునది కాంతి. ఆ తీగను గట్టిగా మడచినచో కాంతి కారిపోయి సంధానము చెడును. విడదీసిన తీగ కొనను కంటికెదురుగా పెట్టి చూడరాదు. అందలి లేజరు కాంతి కంటికి కనబడదు గాని హాని చేయగలదు.

పెట్టెతో వచ్చిన అడాప్టరునే వాడవలెను. వోల్టులు వేరైన అడాప్టరు తగిలించినచో పెట్టె కాలిపోవచ్చును. పి.ఓ.ఎన్. అను దీపము పచ్చగా నిలకడగా వెలుగుచున్న తంతి క్షేమమని యర్థము. ఎల్.ఓ.ఎస్. అను దీపము ఎర్రగా వెలిగినచో బయటినుండి కాంతి వచ్చుట లేదు. అప్పుడు లోపలి అమరికలను మార్చినందువలన ప్రయోజనము లేదు, సంస్థకు తెలుపవలెను. గాజు తంతి పెట్టెయు రౌటరును వేర్వేరుగా నున్నచో, మొదటిదానినుండి వచ్చు తీగను రౌటరుపై వ్యాన్ అని వ్రాసియున్న రంధ్రమున పెట్టవలెను. ల్యాన్ అని యున్నవి ఇంటిలోని కంప్యూటరులకు.

లోపలి అమరిక

1. పెట్టె అడుగున అంటించిన చీటిని చదువుడు. అందలి పేరు, సంకేతపదముల సాయమున ఫోనును గాని కంప్యూటరును గాని రౌటరుతో కలుపుడు.

2. బ్రౌజరు తెరచి, చీటిపై నున్న చిరునామాను టైపు చేయుడు. అది తరచుగా 192.168.1.1 గాని, 192.168.0.1 గాని అయియుండును.

3. అడ్మిన్ పాస్‌వర్డును మొట్టమొదట మార్చుడు. ఇది వైఫై పాస్‌వర్డు కాదు. వైఫై పాస్‌వర్డు వీధి తలుపు తాళపుచెవి. అడ్మిన్ పాస్‌వర్డు ఇనప్పెట్టె తాళపుచెవి. రెండును ఒక్కటిగా నుండరాదు.

4. సంస్థవారు యూజర్ నేము, పాస్‌వర్డు ఇచ్చియున్నచో వానిని వ్యాన్ పుటలో నింపవలెను. వారు ముందే నింపియున్న వానిని ముట్టరాదు.

5. ఎస్.ఎస్.ఐ.డి. అనగా మన వైఫైకి పెట్టు పేరు. అది వీధిలోని వారందరికి కనబడును గనుక ఇంటి పేరు, తలుపు సంఖ్య అందు చేర్చరాదు.

6. సెక్యూరిటీ అను చోట డబ్ల్యు.పి.ఎ.3 యున్న దానిని, లేకున్న డబ్ల్యు.పి.ఎ.2ను ఎంచుకొనుడు. డబ్ల్యు.ఇ.పి. అను పాత పద్ధతి 2001లోనే భేదింపబడినది, దానిని వాడరాదు. ఓపెన్ అనగా తలుపు తెరచియుంచుటయే.

7. వైఫై పాస్‌వర్డులో కనీసము 8 అక్షరము లుండవలెను. మేము 16కు తక్కువ కాకుండ నుంచుడని చెప్పుదుము. రోకలి, చింతాకు, పల్లకి, గవ్వ – ఇట్లు పొంతన లేని నాలుగు తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరములలో కూర్చి వ్రాసినచో మనకు జ్ఞాపకముండును, పరులు ఊహింపజాలరు. ఇక్కడి మాటలను మాత్రము వాడవలదు.

8. డబ్ల్యు.పి.ఎస్., రిమోట్ మేనేజ్‌మెంటు అను వానిని ఆపివేయుడు. సేవ్ నొక్కుడు. అటుపిమ్మట అన్ని ఫోనులను క్రొత్త పాస్‌వర్డుతో మరల కలుపవలెను.

పెట్టె వెనుక సూది దూరునంతటి రంధ్రములో రీసెట్ మీట యుండును. దానిని కొన్ని క్షణములు నొక్కిపట్టినచో పై అమరికలన్నియు చెరిగిపోవును. అందుచే అన్నిటిని ఒక కాగితముపై వ్రాసి పెద్దవారి కడ భద్రపరచవలెను.

ఇంత జాగ్రత్త యెందులకని కొందరు అడుగవచ్చును. మన సంధానమును వాడుకొని పరుడు మోసమో, బెదిరింపో చేసెనేని, ఆ చిరునామా మన యింటిది గనుక మొదట విచారింపబడువాడు ఖాతాదారుడైన తండ్రియే. పిల్లల చేతి చురుకు ఆ చిక్కును ముందుగానే తప్పింపగలదు.

వేగమును కొలుచుట

మన దేశమున 2004వ సంవత్సరపు విధానము ప్రకారము క్షణమునకు 256 కిలోబిట్లున్న బ్రాడ్‌బ్యాండు అనిపించుకొనెను. 2023లో ఆ కనీసవేగము 2 మెగాబిట్లకు హెచ్చింపబడినది. ఇక్కడ బిట్టునకు, బైటునకు భేదము తెలియవలెను. 8 బిట్లు ఒక బైటు. 100 మెగాబిట్ల పథకమనగా క్షణమునకు 12.5 మెగాబైట్లు. అనగా 500 మెగాబైట్ల పాఠము దిగుటకు 40 క్షణములు పట్టవలెను. అంతకంటె మిక్కిలి ఆలస్యమైనచో, కంప్యూటరును ల్యాన్ తీగతో కలిపి మరల పరీక్షింపుడు. తీగతో వేగము సరిగా నుండి వైఫైలో తగ్గినచో లోపము మన యింటిలోనిది. పెట్టె చోటు మార్చి చూడవలెను. తీగతోను తగ్గినచో లోపము బయటిది కావచ్చును, సంస్థను అడుగవలెను.

తల్లిదండ్రులకు ఒక మాట

రాత్రి పది గంటలకు పిల్లల ఫోనులకు సంధానము నిలుపు వసతి అనేక రౌటరులలో కలదు. దానిని పిల్లలతో చెప్పియే అమర్చుట మంచిది. ఈ తలుపు నుండి కాలహరణము వచ్చినట్లే విద్యయు రాగలదు. మన యూరి అంగడిలో దొరకని తెలుగు పుస్తకములు, నిఘంటువులు, 2003లో ఆరంభమైన తెలుగు వికీపీడియా ఈ తంతి మీదనే మన యింటికి వచ్చును. తలుపు మన భాషవారి చేతిలో భద్రముగా నుండిన, లోనికి వచ్చునది యేదో నిర్ణయించుకొను శక్తియు మనదే యగును.

అభ్యాసము

1. వైఫై పాస్‌వర్డునకు, అడ్మిన్ పాస్‌వర్డునకు గల భేదమేమి?
2. ఎర్ర దీపము వెలిగినప్పుడు ఏమి చేయవలెను? ఏల?
3. 40 మెగాబిట్ల పథకమున 300 మెగాబైట్ల పాఠము దిగుటకు ఎన్ని క్షణములు పట్టును?
4. మీ యింటి రౌటరు నుంచిన చోటు తగినదియేనా? కారణములతో అయిదు వాక్యములు వ్రాయుడు.